విమానానికి నేసిన బట్ట

ఆయన పోయిన రోజు పొద్దున మగ్గాల వాడ నుంచి ఒక మనిషి నా దుకాణానికి వచ్చి మంచినూనె కావాలన్నాడు. శవం తలకు పెట్టడానికి. మా దగ్గర ఆచారమది. చివరి స్నానానికి ముందు అయినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలకు కాస్త నూనె అంటుతారు. ఆ తర్వాతే సీకాయ, నీళ్ళు, కొత్త బట్ట.

"ఎవరు పోయిన్రు?" అన్నాను.

చెప్పాడు. డబ్బాలోకి దించిన గిన్నె నా చేతిలో అట్లాగే ఆగిపోయింది.

"ఆయనకు నూనె పెడ్తరా?"

"పెట్టకుంటె ఎట్ల సేటూ? అందరికి పెట్టినట్టు ఆయనకు పెట్టొద్దా?" అన్నాడు గానీ, నా మొహం వంక చూడలేదు. ఆయనకూ నూనెకూ ఉన్న పగ ఆ వాడలో ఎవరికి తెలియదు? కొన్నేళ్ళుగా ఆ మనిషి ఒంటికి నూనె చుక్క తగలనీయలేదు. జుట్టు కొబ్బరిపీచులా ఎండిపోయి నిలబడేది. కూరలో తాలింపు పడితే కంచం నెట్టేసేవాడు. నా దుకాణంలో నూనె డబ్బాలున్న వైపు మెట్టు ఎక్కేవాడు కాదు, రోడ్డు మీద నిలబడే మాట్లాడేవాడు.

గిన్నె నిండా పోశాను. దుకాణం తమ్ముడికి అప్పగించి, నూనె నేనే పట్టుకుని బయలుదేరాను.

ఆయన పేరు రాయను. రాస్తే, "ఓహో, విమానాన్ని ఆగం చేసినోడు" అని మళ్ళీ పళ్ళికిలించేవాళ్ళు సిద్దిపేటలో ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఆ సంతోషం నా చేతుల మీదుగా దక్కడం నాకిష్టం లేదు.

నేను ఆయన్ని మామా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చుట్టరికమేమీ లేదు, కులాలు కూడా వేరు. మాది నూలు దుకాణం, ఆయనది మగ్గం. మా బాపు కాలం నుంచీ నూలు చిలపలు మా దగ్గర తీసుకుపోయి చీరలు నేసేవాడు. నూలు బాగా లేకపోతే మా బాపుని మొహం మీదే తిట్టేవాడు. మా బాపు నవ్వేవాడు. ఇంకెవరు తిట్టినా మా బాపు నవ్వడం నేను చూడలేదు.

గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి నడుము దాకా భూమిలోనే ఉంటాడు. ఎప్పుడు వాళ్ళింటికి పోయినా నాకు ఆయన సగమే కనిపించేవాడు. అందుకని ఎప్పుడైనా బజార్లో నిలబడి ఎదురైతే, ఈయన ఇంత పొడుగా అని ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేవాణ్ణి. మాట్లాడుతున్నంతసేపూ చేతిలో పేక దారం నడిపే నాడె అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. కోపం వస్తే మాత్రం ఆగేది. నాడె ఆగిందంటే ఎవరికో మూడిందని ఇంట్లోవాళ్ళు సర్దుకునేవారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగ్గం మీంచి కోసిన బట్టని మడతపెట్టగానే భార్య ఒక చిన్న ఇత్తడి గిన్నెలో మంచినూనె తెచ్చి పక్కన పెట్టేది. ఆమెని నేను అత్తా అనేవాణ్ణి. ఆయన రెండు వేళ్ళు నూనెలో ముంచి, అరచేతులు రెండూ వేడి పుట్టేదాకా రాసుకునేవాడు. నూనె ఉందో లేదో తెలియనంతగా ఆరిపోయాక, మడత విప్పుకుంటూ బట్ట మీద పైనుంచి కిందికి ఒక్కసారి చెయ్యి పోనిచ్చేవాడు, పసిపిల్ల తల నిమిరినట్టు. దాంతో మామూలు నూలు చీరకి ఒక నిగారింపు వచ్చేది. ఆయన నాయన అట్లా చేసేవాడట, ఆ నాయన నాయన కూడా.

"ఒట్టిగ ఇస్తే ఏమయితది మామా?" అని ఒకసారి అడిగాను.

నాడె ఆగింది. "మొఖం లేని బట్ట ఎట్ల ఇస్తర్రా? నీ చెల్లెను మొఖం కడుగకుంట పెండ్లిచూపులల్ల కూసోబెడ్తవా?"

"నూనె మరక పడదా మరి?"

"గది నూనె గాదు అల్లుడా. గది చెయ్యి."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. నిజంగానే నమ్మాడు. నూనె అంటే వంటింట్లోది, దీపంలోది. బట్ట మీద పోయేది తన చెయ్యి. మోసం చేసే ఆలోచన ఆ మనిషిలో ఏ మూలా లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

ఇంకొక మాట కూడా అంటుండేవాడు. వాడలో నేతమనిషి ఎవరైనా పోతే, శవం వాడ దాటేదాకా మగ్గాలన్నీ ఆపేసేవారు. పొద్దున్న లేచింది మొదలు టకటకమంటూ ఉండే వాడ ఒక్కసారిగా నోరు మూసుకునేది. పోయినవాడికి అదే మర్యాద. "నా దినం వచ్చిన్నాడు చూడుండ్రి, ఈ కొస నుంచి ఆ కొస దాక ఆగాలె. గా సప్పుడు ఆగుడు నాకు ఇనబడుతది" అనేవాడు.

"సచ్చినంక ఎట్ల ఇనబడుతది?" అని అత్త లోపలి నుంచి అరిచేది.

"నీ నోరు ఆగుడు ఇనబడుతదో లేదో గని, మగ్గాలాగుడు ఇనబడుతది" అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేను విన్న సరసం అంతే.

తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధం ఎక్కడో జరిగింది, నూలు మాత్రం మా దగ్గర మాయమైంది. దేనికైనా కంట్రోలు, దేనికైనా పర్మిట్టు. మా దుకాణంలో నూలు బేళ్ళ జాగాలో నూనె డబ్బాలు, చింతపండు బుట్టలు వచ్చాయి. మగ్గాల వాడలో ఒక్కొక్క ఇల్లే షోలాపూర్ మిల్లుల దారి పట్టింది. పోయేవాళ్ళు మగ్గం పీకి కట్టెలు అమ్ముకునేవారు. ఇంట్లో గుంట ఒక్కటి మిగిలేది. పిల్లలు దాంట్లో దిగి ఆడుకునేవారు. అది చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "పూడ్చన్న పూడ్చుండ్రి, మూతన్న పెట్టుండ్రి. గట్ల నోరు తెరిచి ఇడిసిపెట్టకుండ్రి" అని వెంటపడేవాడు.

యుద్ధం ముగియబోయే ఎండాకాలంలో మిరుదొడ్డి పోయే తొవ్వలో ఒక మెట్ట చెలకలో బాంబులేసే విమానం ఒకటి దిగింది. ఇంజను ఆగిపోయి దిగిందన్నారు. లోపలివాళ్ళకి ఏమీ కాలేదు. వాళ్ళని లారీలో పట్నం తీసుకుపోయారు, తుపాకులు విప్పుకుపోయారు, కాపలా మనుషుల్ని పెట్టారు. యుద్ధం అయిపోయాక ఆ కాపలా కూడా లేచిపోయింది.

అది రేకు విమానం కాదు. సన్నని లోహపు పట్టీలని బుట్టలా అల్లి, దాని మీద బట్ట కప్పి, బట్టకి ఏదో మందు పూశారు. బట్ట అని తెలిశాక ఇంకేముంది? కంట్రోలు బట్ట కోసం రోజంతా వరసలో నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చే రోజులవి. ఒకే చీరని వంతులేసుకుని కట్టుకుని ఆడవాళ్ళు బయటికి వచ్చే ఇళ్ళు నాకు తెలుసు. జనం కొడవళ్ళు పట్టుకుపోయి విమానాన్ని కోసుకొచ్చారు. నేనైతే తప్పు పట్టను. కాకపోతే ఆ మందు బట్ట అట్టలా బిగుసుకుని ఉండేది, ఎంత ఉడకబెట్టినా మెత్తబడలేదు. దాంతో గోచీ పెట్టుకున్నవాడు నిలబడగలిగాడు గానీ కూర్చోలేకపోయాడని బజారంతా నవ్వుకుంది. మొత్తానికి విమానం ఒంటి మీద నూలుపోగు లేకుండా చెలకలో నిలబడింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరే వేళకి ఒక దొర వచ్చాడు. ఇంజను పనివాడు, విమానం నడపడమూ వచ్చు. యుద్ధంలో బర్మా మీదికి ఆ విమానంలోనే పోయొచ్చాడట. అది ఎగరకపోతే ఉన్నచోటనే తగలబెట్టమని పైనుంచి హుకుం. వానలు పడేదాకా గడువు అడిగి తెచ్చుకున్నాడు. వెంట ఒక ఫిట్టరు ఉన్నాడు. బెజవాడ వైపు మనిషి కాబట్టి మాట కలిసింది. కొత్త ఇంజను లారీలో వచ్చింది, చక్రాలొచ్చాయి, మందు డబ్బాలొచ్చాయి. బట్ట మాత్రం రాలేదు. అయిపోయిన యుద్ధానికి బట్ట ఎవరు పంపుతారు? దాన్ని వెతుక్కుంటూ ఇద్దరూ మా దుకాణానికి వచ్చారు. నేను మామ ఇంటికి తీసుకుపోయాను.

దొర పాత బట్ట ముక్క ఒకటి ఇచ్చాడు. మామ గుంటలోంచి లేవకుండానే దాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఒక పోగు లాగి, "గింతేనా?" అన్నాడు. తన బట్ట ముక్క ఒకటి దొర చేతిలో పెట్టి, చింపుమని సైగ చేశాడు. దొర రెండు చేతులా గుంజాడు. మొహం కందగడ్డలా అయింది గానీ బట్ట చిరగలేదు. తలుపు వెనక అత్త కిసుక్కున నవ్వింది. దొర కూడా నవ్వాడు.

ఫిట్టరు మాత్రం నవ్వకుండా వివరంగా చెప్పాడు. "ఈ మందు దారం లోపలికి ఇంకాలండీ. అప్పుడే బట్ట బిగుస్తుంది. గంజి ఉంటే ఇంకదు. నూనె, జిడ్డు అసలు తగలకూడదు. ఒట్టి నూలుగా ఉండాలి."

"గంజి లేకుంట పడుగు మగ్గం మీద నిలువది. నేసినంక చాకలి భట్టిల ఉడికిచ్చి, గంజంత తీసేసి ఇస్త. సరేనా?"

"మరి నూనె?"

"బట్టకు నూనెందుకు పోస్త? నేనేమన్న గారెలు చేస్తున్ననా?"

అందరం నవ్వాం.

వెళ్ళేముందు దొర ఏదో చాలాసేపు చెప్పాడు. బట్టలు చిరిగిన ఇలాంటి విమానాలు ఇంకా ఉన్నాయట. ఇది ఈ బట్టతో ఎగిరి పట్నంలో దిగితే, పైవాళ్ళకి చూపించి, ఈ వాడకి నూలు ఇప్పించమని అడుగుతాడట. "మాట మాత్రం ఇవ్వలేనంటున్నాడు, అడుగుతానంటున్నాడు" అని ఫిట్టరు తేల్చి చెప్పాడు. అందులో మొదటి సగం వాడలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ సాయంత్రమే మామ మూటలు కట్టుకుంటున్న ఇంటింటికీ తిరిగాడు. మొదట పక్కింట్లోనే ఉన్న తమ్ముడి దగ్గరికి పోయాడు.

"విమానం లేసేదాక మగ్గం పీకకుర్రి. గది లేసిందంటె మనకు నూలొస్తది. షోలాపూర్ ఏడికి పోదు."

"లేవకుంటె?" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు లేవది? బట్ట నాది."

ఆగారు. ఆయన మాట మీద పీకబోయిన మగ్గాలు నిలిచాయి, మనుషులూ ఆగారు. దొర తెప్పించిన నూలుతో మళ్ళీ వాడంతా చప్పుడైంది. పొద్దున దుకాణం తెరిచేసరికి అక్కడి నుంచి టకటక వినిపిస్తుంటే మా బాపు తలుపు పలకలు తీస్తూ తీస్తూ ఆగి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. నేసినదాన్ని మామ తన ఇంటికే తెప్పించుకున్నాడు. భట్టీలో ఉడికించాడు, ఎండలో ఆరేశాడు, మడతలు పెట్టాడు. బండిలో పోతుంటే చూశాను. తెల్లగా, నిండుగా ఉన్నాయి తానులు.

విమానాన్ని దగ్గర్నుంచి చూడగానే ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్కటెముకల్లాంటి ఆ అల్లికలో వేళ్ళు పెట్టి, "గిది మేదరోని పని. గంప అల్లినట్టు అల్లిన్రు" అని దొరకి చెప్పాడు. ఫిట్టరు దాన్ని ఇంగ్లీషులో చెబితే దొర కడుపు పట్టుకుని నవ్వాడు. వాడ ఆడవాళ్ళు బట్టను అల్లికకి కట్టి కుట్టారు. మామ రెక్క పొడవునా నడుస్తూ, "ఇంక జర గుంజుర్రి, ఇంక జర" అని వాళ్ళ ప్రాణం తీశాడు. తర్వాత మందు పూశారు. అరటిపండు మగ్గినట్టు ఒక వాసన చెలకంతా కమ్మేసింది. మందు ఆరేకొద్దీ బట్ట బిగుసుకుంది. ఆయన నడిమి వేలితో దాన్ని టంగుమని మీటి, చెవి ఆనించి విని, "పలుకుతున్నది" అని నావైపు చూసేవాడు.

అక్కడ ఆయనకి పనేమీ లేని రోజుల్లో కూడా బండెక్కి పోయేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను పోయేసరికి రెక్క కింద నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"కూసో అల్లుడా. మంచిగున్నది నీడ. ఇన్నేండ్లు నేసిన గని, నేను నేసిన బట్ట నీడల ఎన్నడన్న కూసున్ననా? ఎవలెవలో కట్టుకపోయిన్రు."

"ఎగురుతదా మామా?"

"ఎగురుతది. నేను తలకాయెత్తి చూస్త. పుట్టినకాంచి గుంతల కూసొని తల వంచుకునే ఉన్న."

ఆ రోజు ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అంత ఆశ పెట్టుకోకయ్యా అని చెప్పాలనిపించింది. చెప్పినా వినేవాడు కాదు.

ఎగిరే రోజున మబ్బులు పట్టాయి. చెలకని చదును చేసి బాట వేశారు. బండ్ల మీద జనం దిగారు. వాడవాళ్ళయితే పెళ్ళికి వచ్చినట్టు ఇంటిల్లిపాదీ వచ్చారు. దొర తనే నడపడానికి ఎక్కాడు, ఇంజన్లు రెండూ అందుకున్నాయి. దుమ్ము లేచింది, తలపాగాలు ఎగిరిపోయాయి. విమానం కదిలింది, పరుగందుకుంది. మామ నిజంగానే తలెత్తుకుని నిలబడ్డాడు.

మొదట దుకాణంలో బట్ట తానుని చింపినట్టు ఒక చప్పుడైంది. రెక్క మీద మందు పొర పొట్టులా లేచి చుట్టుకుంది. ఒకచోట లేవగానే ఇంకొకచోట లేచింది. బిగువు సడలిన బట్ట గాలికి టపటపా కొట్టుకుని, చీలి, పీలికలై వెనక్కి కొట్టుకుపోయింది. చక్రాలు నేల వదలనే లేదు. దొర ఇంజన్లు ఆపేశాడు. పీలికలు గాల్లో ఎగిరొచ్చి జనం మీద పడ్డాయి.

ఫిట్టరు పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బా ఒకటి కాలితో తన్నాడు. "మందు పాతబడిపోయిందండీ. నేను అనుకుంటూనే ఉన్నాను, ఎండకి చెడిపోయింది" అన్నాడు.

అంతటితో అయిపోయేది. పాపం మందు మీదికి పోయేది. కానీ మామ పొడుగు కాళ్ళేసుకుంటూ వచ్చి కింద పడ్డ ముక్క ఒకటి తీసుకున్నాడు. గోటితో గీకితే మందు పొర పొరలానే ఊడొచ్చింది, కింద బట్టకి అది అంటనే లేదు. బొటనవేలితో బట్టని రుద్దాడు. వేలు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"మందు మంచిగనే ఉన్నది" అన్నాడు. "నూనె."

ఫిట్టరుకి అర్థం కాలేదు. "ఏం నూనె?"

మామ అరచెయ్యి చాపాడు. "నా చెయ్యి. ఉడికిచ్చినంక బట్ట పీనుగు తీర్గ కనబడ్డది. గట్ల ఇయ్యలేకపోయిన. ఒక్కసారి చెయ్యి పోనిచ్చిన. గది నూనె అనుకోలే సారూ. చెయ్యనుకున్న."

ఫిట్టరు ఆ మాటల్ని దొరకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. దొర కోప్పడలేదు. మామ చెయ్యి పట్టుకుని, పైకెత్తి, వాసన చూసి, మెల్లగా వదిలేశాడు. కోప్పడి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మళ్ళీ నేయడానికి నూలు లేదు, వేళ లేదు. ఆ వారంలోనే వాన పట్టుకుంది. వాన తెరిపివ్వగానే ఇంజన్లు విప్పి లారీకెక్కించి, మిగిలినదానికి నిప్పు పెట్టారు. మామ పోయి చూశాడు. నేను వద్దన్నా వినలేదు. కాలుతుంటే చెలకంతా మళ్ళీ అరటిపండు వాసన.

"నూనె బట్ట గదా, జల్ది అంటుకున్నది" అన్నాడు.

తమ్ముడే అందరికంటే ముందు మగ్గం పీకాడు. ఆ వెనక మిగతావాళ్ళు పీకారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పోయేవాళ్ళ బండి వెంట ఊరి చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, ఆ ఇంట్లో గుంటని తనే తట్టలతో మన్ను మోసి పూడ్చేవాడు. పోలేనివాళ్ళు బీడీలు చుట్టుకుంటూ, కూలికి పోతూ అక్కడే ఉండిపోయారు. వాళ్ళ మగ్గాలు కూడా కట్టెలైపోయాయి, వాళ్ళ గుంటలూ ఆయనే పూడ్చాడు. చివరికి తన మగ్గం పీకి, తన గుంట పూడ్చుకున్నాడు. అప్పటి నుంచి ఎప్పుడు చూసినా ఆయన నిలబడే కనిపించేవాడు. ఆ నిండు మనిషిని నేను చూడలేకపోయేవాణ్ణి.

దుకాణం ముందుకు వచ్చి, దూరంగా రోడ్డు మీద నిలబడి చెయ్యి చాపేవాడు. బూడిదతో, చింతపండుతో, కుంకుళ్ళతో తోమీ తోమీ ఆ చేతులు పగిలిపోయాయి.

"చూడు అల్లుడా. వాసన ఇంక ఉన్నదా?"

నేను దిగిపోయి చూసేవాణ్ణి. "లేదు మామా."

"లేదంటవు. సేటువు, నీ నోట్లె నిజమెప్పుడొచ్చింది?" అని వెళ్ళిపోయేవాడు. రెండు రోజులు పోయాక మళ్ళీ వచ్చేవాడు.

ఒకసారి నాకు విసుగొచ్చింది. బజారని కూడా చూడకుండా గట్టిగా అరిచాను. "మామా, ఆ విమానం ఎగిరినా నూలొచ్చేది కాదు. యుద్ధం అయిపోయింది, ఆ దొర మాట ఎవడు వింటుండె? మగ్గాలు ఎట్లయినా పోయేటియే. నీ చెయ్యి ఏం జేసింది మధ్యల?"

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గావచ్చు" అన్నాడు. "గని వస్తుండెనో, రాకపోతుండెనో, గది ఇగ ఎవ్వలకు తెల్వకుంట చేసిన గదా అల్లుడా."

పోలీసు చర్య జరిగి రాజ్యం మారిపోయిన మరుసటి ఎండాకాలం ఆయన పోయాడు. రోగమని చెప్పడానికి ఏదీ లేదు. తినడం తగ్గించాడు, మాట తగ్గించాడు, ఒక పొద్దున లేవలేదు.

నేను నూనె గిన్నెతో పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మిల్లు బట్ట కొత్తది తెచ్చి పక్కన పెట్టారు. తల దగ్గర అత్త కూర్చుని, ఆ ఎండు జుట్టు మీద తన అరచెయ్యి కప్పి ఉంచింది. నూనె పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

"ఒద్దు" అంటోంది ఆమె. "ఆయనకు పడది. తియ్యుండ్రి."

"ఆచారం తప్పుతమా అక్కా? నూనె పెట్టకుంట ఎట్ల తోలుతం?" అంది ఒక ముసలమ్మ.

అత్త తలెత్తి నా చేతిలోని గిన్నెని చూసింది. నన్ను దగ్గరికి రమ్మని, వంగితే నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది.

"గా దినం ఆయన నూనె అడుగలే కొడుకా. బట్ట ముంగట ఊకె కూసున్నడు, దాని దిక్కు చూసుకుంట. అలవాటు గదా, గిన్నె నేనే తెచ్చి పక్కన పెట్టిన. నా చేతులతోని. గది ఎవ్వలకు చెప్పలే. నన్ను చెప్పనియ్యలే."

గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

ఆమె లేచి లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక తెల్ల బట్ట తెచ్చింది. విమానానికి నేసినదాంట్లో మిగిలిన ముక్క. ఎన్నిసార్లు ఉతికిందో, పీలగా వేలాడుతోంది. మిల్లు బట్టని పక్కకి జరిపింది. నా చేతిలోని గిన్నెలో రెండు వేళ్ళు ముంచి, అరచేతులు రాసుకుంది, రాసుకుంటూనే ఉంది. ఆరిపోయాక ఆ బట్ట మీద పైనుంచి కిందికి ఒక్కసారి చెయ్యి పోనిచ్చింది.

"మొఖం లేకుంట ఎట్ల తోలుదు?" అంది, ఎవరితోనో కాదు, ఆయనతోనే. అవే చేతులు ఆయన తలకి రాసింది. తర్వాత అందరూ వచ్చి నూనె పెట్టారు. నేనూ పెట్టాను. ఆ జుట్టు ఎండిన నేలలా ఎంత పెట్టినా తాగేసింది.

ఆయన బట్టనే ఆయనకి కప్పి ఎత్తాం. వాడలో గుమ్మం గుమ్మానికీ జనం నిలబడ్డారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా మోసుకుపోతుంటే మా కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మగ్గాలు ఆగడం తనకి వినబడుతుందని ఆయన అనేవాడు. నేను పాడె మోస్తూ ప్రతి ఇంటి ముందూ చెవి పెట్టి విన్నాను. ఆయన మర్యాద కోసం అక్కడ ఎవరూ దేన్నీ ఆపలేదు. ఆపడానికి ఆ వాడలో ఒక్క మగ్గం కూడా లేదు.